ఆ మడత ఎవరి చేతిది?

మిల్డూరా, ఆస్ట్రేలియా
11 ఏప్రిల్ 2017

మానాంగ్ పురింగ్‌కి, మా అక్కకి,

నువ్వు ఇలోయిలో చేరి ఏడు వారాలవుతోంది. నీ రబ్బరు చెప్పులు ఇంకా నా వెనక గుమ్మం దగ్గరే ఉన్నాయి. అక్కలు వెళ్ళిపోయినా చెప్పులు మాత్రం కాపలా కాస్తున్నాయి.

ఈ సంగతి ఆదివారం ఫోన్లో చెప్పలేకపోయాను. నీ పక్కన ఎప్పుడూ సగం మోలో పేట కూర్చుని ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. జోమార్ కోసం నేను పెట్టిన నామినేషన్ తిరస్కరించారు. నా హోటల్లో వంటవాడి ఉద్యోగం ఉంది, దాన్లో ఇతన్నే శాశ్వతంగా ఉంచుకుంటాను అని యజమానిగా నేను రాసిచ్చిన కాగితం అది. దాన్ని ఒప్పుకుంటేనే అతనికి వీసా. వీసా వస్తేనే భార్య రిజ్జా, పిల్లా గిమారాస్ దీవి నుంచి ఇక్కడికి రాగలిగేది. అతను వచ్చినప్పుడు పిల్లకి రెండేళ్ళు. ఇప్పుడు ఆరు.

ఎందుకు కాదన్నారో తెలుసా? ఆ ఉద్యోగం నిజమైనది కాదట! ఫిబ్రవరిలో వీసా శాఖ నుంచి చెప్పాపెట్టకుండా ఒకావిడ వచ్చి చూసిందట. వంటంతా యజమానురాలే చేస్తుందని అక్కడున్నవాళ్ళు చెప్పారట. ఇతను సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాడట. ఆ రోజు నేను కూరగాయల మండీకి పోయాను. నేనుంటే ఇంత జరిగేదా?

జోమార్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఉల్లికాడలు తరగడం మొదలుపెట్టాడు. అప్పీలుకి ఇరవై ఎనిమిది రోజులు గడువుంది. అతను చేసుకోవడానికి లేదట. యజమాని మాత్రమే చెయ్యాలి. అంటే అతని పెళ్ళాంపిల్లల రాత నా సంతకం మీద ఉందన్నమాట. నాకు అన్నం సహించడం లేదు.

నీ చెల్లెలు, నీ ఇందాయ్,
నెనింగ్

*

మోలో, ఇలోయిలో
9 మే 2017

ఇందాయ్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు మాడుస్తున్నాయి. రిటైరైన టీచర్లందరికీ మోకాళ్ళ నొప్పులే. మన వీధిలో ఇద్దరు కర్రలు పట్టారు. నేను ఇంకా పట్టలేదు.

జోమార్ సంగతి విని చాలా బాధపడ్డాను. ఆ వచ్చినావిడ కాగితంలో ఎవరు చెప్పారో పేరు రాసిందా? ఊరికే అడుగుతున్నాను. పేరు రాయకపోతే ఎవరనుకున్నారో కూడా తెలియదు కదా. అయినా గడిచిపోయిన దాన్ని తవ్వి లాభమేమిటి? ముందు అప్పీలు చూడు.

నిన్న రిజ్జా వచ్చింది. గిమారాస్ నుంచి పడవలో, రేవు నుంచి జీప్నీ బండిలో, ఒళ్ళో బుట్ట పెట్టుకుని వచ్చింది. బుట్ట నిండా మామిడిపళ్ళు. "మాయెస్ట్రా, టీచరుగారూ, మీ చెల్లెలుగారు మా ఆయన కోసం ఎంత పోరాడుతున్నారో! ఉత్త చేతులతో ఎలా రాను?" అంది. కూర్చోమంటే కూర్చోలేదు, పడవ వెళ్ళిపోతుందని పరిగెత్తింది.

పళ్ళు పక్కింటివాళ్ళకి పంచేశాను. నాకు ఈ మధ్య తీపి పడటం లేదు.

ఒంట్లో జాగ్రత్త. చెప్పులు పారెయ్యి, కొత్తవి కొనుక్కున్నాను.

మీ అక్క
పురిటా

*

మిల్డూరా
20 జూన్ 2017

మానాంగ్,

అప్పీలు వేశాం. హెలెన్ అనే ఏజెంటు కాగితాలన్నీ చూస్తోంది. గ్రీకు మనిషి, వేలెత్తి మాట్లాడుతుంది, నన్ను పూర్తి పేరుతోనే పిలుస్తుంది. "ట్రిబ్యునల్ ఏడాదిన్నర పట్టొచ్చు, నెనీతా. ఈలోపు నీ వంటింట్లో ఎవరేం చేస్తారో ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా నాకు రాసివ్వు" అంది. రాస్తున్నాను.

ఆ రోజు నోరు జారింది ఎవరో తెలిసింది. జోమారే! ఇంకెవరుంటారు? వంటింట్లో అతను తప్ప మన మనిషి ఎవరున్నారు? నిలబెట్టి అడిగాను. "నాదే తప్పు, మానాంగ్ నెనింగ్. నేనా రోజు సింకు దగ్గర ఉండకుండా ఉండాల్సింది" అన్నాడు, తల దించుకుని. ఇంకేం కావాలి? మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, యజమానురాలి ముందు తగ్గి ఉండాలని "అంతా మా మానాంగే చేస్తుంది, నేను పక్కన సాయం" అని ఉంటాడు. మంచితనానికి పోయి తన కొంప తానే ముంచుకున్నాడు.

కోపంతో రెండు వారాలుగా అతనితో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. మధ్యాహ్నం అందరం కలిసి తినేవాళ్ళం. ఇప్పుడు అతను కంచం పట్టుకుని వెనక మెట్ల మీద కూర్చుంటున్నాడు. చలి ఎముకలు కొరికేస్తోంది. లోపలికి రమ్మని పిలవాలని ఉంటుంది, పిలవను. నేను ఇంత కఠినురాలిని ఎప్పుడయ్యాను?

మామిడిపళ్ళు పంచేశావా? గిమారాస్ పళ్ళని! నీకు తీపి పడకపోవడం నేనెప్పుడూ వినలేదు.

నెనింగ్

*

మోలో
15 జులై 2017

ఇందాయ్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. చర్చిలో కూర్చుంటే మన పదహారుమంది ఆడ పునీతుల బొమ్మలూ నా మొహమే చూస్తున్నట్టుంది. ఆ అబ్బాయిని ఇవాళే లోపలికి పిలిచి అన్నం పెట్టు. అతను ఏమీ అనలేదు. అన్నది నేను.

ఆ రోజు నువ్వు మండీకి వెళ్ళాక ఊరికే కూర్చోలేక సింకు దగ్గర గిన్నెలు పట్టాను. పొయ్యి మీద పులుసు మరుగుతోంది, జోమార్ దాని ముందున్నాడు. నన్ను చూసి పొయ్యి తగ్గించి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో మాయెస్ట్రా, మీరు కడగడమేంటి, నా చెయ్యి పడిపోయిందా?" అని గిన్నె లాక్కున్నాడు. పెద్దవాళ్ళు పని చేస్తుంటే చూస్తూ నిలబడేలా అతన్ని పెంచలేదు వాళ్ళమ్మ. సరిగ్గా అప్పుడే పొట్టి జుట్టావిడ మెడలో కార్డుతో లోపలికొచ్చింది. కరెంటు మీటరు చూడ్డానికి అనుకున్నాను. తిన్నావా అమ్మా అన్నాను. కూర్చోబెట్టి ఒక గిన్నె పన్సిట్ మోలో పెట్టాను, మన పేట పేరున్న మాంసం మడతల పులుసు. అదేదో మహాప్రసాదమన్నట్టు తింది. "ఇది ఎవరు చేశారు?" అంది.

చెప్పేశాను! నా చెల్లెలు అన్నాను. ప్రతి మడతా దాని చేతిదే, మా అమ్మ, మా నానాయ్, నేర్పింది, ఈ హోటల్లో గరిటె పట్టేది అదొక్కతే అన్నాను. మరి ఈ అబ్బాయి అని ఆవిడ అంటే, సాయం చేస్తాడు, బంగారంలాంటి పిల్లవాడు అన్నాను. జోమార్ చేతులు నురుగులోనే ఉన్నాయి.  నా మాట మీద మాట ఎలా అంటాడు?

మన ఇళ్ళలో పొయ్యి దగ్గర ఎవరు నిలబడినా వంట ఇల్లాలిదే అని చెప్పుకుంటాం కదా. నువ్వు అలా కాదు, నిజంగా నీ చేతిదే. అంటే నేను నిజమే చెప్పాను. నువ్వేమో ఆ పిల్లవాడి మేలు కోరి కాగితం మీద చిన్న అబద్ధం రాసి ఉంటావు. నీ అబద్ధాన్ని నా నిజం ముంచేసింది. నీ మీద నాకు కోపం లేదు. నామీదే నాకు అసహ్యంగా ఉంది. కాలు జారితే లేవొచ్చు గాని ఈ నోటిని ఏం చేసుకోను?

నేనే చెప్పానని ట్రిబ్యునల్‌కి రాసి, సంతకం పెట్టి దీంతో పంపుతున్నాను. వాడుకో.

పురింగ్

*

మిల్డూరా
30 సెప్టెంబరు 2017

మానాంగ్,

రెండు నెలలు జవాబు రాయలేదు. నీమీద కోపమనుకుని ఉంటావు. మొదటి రోజు కోపమే. "తిన్నావా అమ్మా" అనే మాట చదివి నీ చెప్పులు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను. సాయంత్రం మళ్ళీ తీసి కడిగాను.

ఆ రోజే జోమార్‌ని లోపలికి పిలిచాను. "ఎందుకు చెప్పలేదురా తోతో, బాబూ?" అంటే, "ఏమని చెప్పను? మీ అక్క మీ గురించి గొప్పగా చెప్పిందనా?" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

ఎందుకంటే మానాంగ్, నేను రాసిన కాగితం అబద్ధం కాదు. నేను నీకు చెప్పిందే అబద్ధం.

మూడేళ్ళుగా నా వేళ్ళు మూతపడటం లేదు. పొద్దున్నే కణుపులు వాచి ఉంటాయి. డాక్టరు దానికి పెద్ద పేరే చెప్పాడు. గరిటె పట్టలేను. మోలో మడవడం సరే సరి. నువ్వొచ్చిన మూడు వారాలూ నువ్వు లేచేసరికి మడతలన్నీ పెట్టేసి ట్రేల్లో సర్దమని జోమార్‌కి నేనే చెప్పాను. చేతులకి గ్లవుజులు ఎందుకంటే చలువ పడదన్నాను గుర్తుందా? ఇక్కడి ఫిబ్రవరి నడివేసవిలో! నువ్వు నమ్మావు. నీ ముందు నానాయ్ చెయ్యి పోయిందని ఒప్పుకోలేకపోయాను. నీకు బడి వచ్చింది, నాకు ఆ మడత ఒక్కటే వచ్చింది. అదీ పోతే నేనెవరిని?

నీకొక్కదానికే కాదు. నిరుడు ఇక్కడి పేపరువాళ్ళు వచ్చి బొమ్మ తీసుకున్నారు. ప్రతి ఉదయం రెండు వందలు నా చేత్తో మడుస్తానని చెప్పాను. ఆ బొమ్మలో మోలో జోమార్‌ది, చెయ్యి నాది. అది ఫ్రేము కట్టి గల్లాపెట్టె పైన పెట్టాను. నువ్వు దాన్ని చదివే కదా ఆవిడకి అంత ధైర్యంగా చెప్పావు?

కాబట్టి తప్పు నీది కాదు. నేను అల్లిన మాట నీ నోట్లోంచి వచ్చింది, అంతే. కానీ నీ సంతకం కాగితాన్ని హెలెన్‌కి ఇవ్వలేను. ఇస్తే, చెల్లెలు వంట చేయదా మరి, ఎందుకు చేయదు అని అడుగుతారు. ఇద్దరం కలిసి చేస్తామని రాయించాను. వేరే దారి ఏదో దొరక్కపోదు.

నన్ను తిట్టు.

నెనింగ్

*

మోలో
22 మే 2018

ఇందాయ్,

తిట్టమన్నావు. ఎనిమిది నెలలు తిట్లే పోగు చేశాను. ఫోన్లో ఆదివారం ఆదివారం నవ్వుతూ వాతావరణం మాట్లాడుకున్నాం, సిగ్గులేని వాళ్ళం.

ముందు ఇది చెప్పు: మూడేళ్ళు నొప్పితో ఉండి నాకు చెప్పకపోవడానికి నేనెవరిని నీకు, పక్కింటిదాన్నా? నీ జడ వేసింది నేను. నీ చేతికి తేలు కుడితే నోటితో పీల్చింది నేను. నానాయ్ చెయ్యి పోయిందని నేను నిన్ను తక్కువ చేస్తానా? ఆయ్ అబావ్! ఇంత తెలివితక్కువదాన్ని గొప్ప వంటగత్తె అని ఊరంతా చెప్పుకున్నాను.

నేను కూడా గొప్పదాన్ని కాను. నీ ఉత్తరం చదవగానే నా మనసు తేలికపడింది, ఇందాయ్. తప్పు నీది అని తెలిసి తేలికపడింది! అక్కలంటే ఇలా ఉంటారు. ఆ తర్వాత సిగ్గుతో చచ్చాను.

నిన్న రిజ్జా మళ్ళీ వచ్చింది. రెండో బుట్ట. పిల్లని కూడా తెచ్చింది. దాని నోట్లో ముందు పళ్ళు ఊడాయి. "మీ నాన్న ఏం చేస్తాడు అక్కడ?" అని నేను అడిగితే, "మానాంగ్ నెనింగ్‌కి సాయం చేస్తాడు" అంది. నేను ఆ వచ్చినావిడతో అన్న మాటే, నా ఎదురుగా ఆ పిల్ల నోట! అంతకంటే పెద్ద పని చేస్తాడమ్మా అందామనుకున్నాను. దాని జడ సర్దాను. బుట్ట మొత్తం ఫాదర్‌గారికి పంపేశాను. ఆదివారం ప్రసంగంలో ఆ పళ్ళ తీపిని మెచ్చుకున్నాడు. నేను తల ఎత్తలేదు.

"ఇద్దరం కలిసి చేస్తాం" అంటే నీ పరువు సగం, ఆ పిల్లవాడి బతుకు సగం. అలా సగాలు కుదరవు. మడత నీకు నానాయ్ నేర్పింది. అతనికి ఎవరు నేర్పారు? నువ్వే కదా? నేర్పినదానివి అని చెప్పుకోవడానికి నీకు నామోషీ ఎందుకు? ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. నా పిల్లలు నాకంటే బాగా రాస్తే నా చెయ్యి పోయినట్టా?

వెళ్ళి నీ చేతులు చూపించు.

పురింగ్

*

మిల్డూరా
6 ఏప్రిల్ 2019

మానాంగ్,

విచారణ అయిపోయింది. మార్చి పన్నెండున మెల్‌బోర్న్‌లో. కారులో ఆరు గంటలు, నేనూ జోమారూ. దారిలో ఒకచోట ఆగి అతను వండి తెచ్చిన అన్నం, అడోబో మాంసం కూర తిన్నాం. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర ధర చీటీ తీయడం మర్చిపోయాడు. నేను తీద్దామంటే వేళ్ళకి చిక్కలేదు. హెలెన్ తీసింది.

నీ కాగితం ఏడాదిన్నర నా సొరుగులోనే ఉంది. లోపలికి వెళ్ళే ముందు తీసి హెలెన్ చేతిలో పెట్టాను. చదివి, "ఇన్నాళ్ళూ దీన్ని దాచావా?" అని గుమ్మం దగ్గరే నాకు అక్షింతలు వేసింది.

విచారణ చేసే ఆయన పెద్దాయన, కళ్ళజోడు, మెత్తటి గొంతు. ఆయన ముందు ఉన్నదేమిటో తెలుసా? నా పేపరు బొమ్మ. "ఇందులో మీరే, ప్రతి ఉదయం రెండు వందలు మీ చేత్తో అన్నారు. శాఖవాళ్ళతో మీ అక్కగారూ అదే అన్నారు. నామినేషన్‌లో ఈయన చేస్తాడన్నారు, తర్వాత ఇద్దరూ కలిసి అన్నారు. నేను దేన్ని నమ్మను?" అన్నాడు.

ఇద్దరం చేస్తాం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది మానాంగ్. అలవాటు అయిపోయింది కదా. అప్పుడు పిల్ల పళ్ళు ఊడిన సంగతి గుర్తొచ్చింది. గ్లవుజులు తీసి చేతులు బల్ల మీద పెట్టాను. "నేను చెప్పినవన్నీ అబద్ధాలు. మా అక్కతో చెప్పినవి కూడా. ఆవిడ నన్ను నమ్మి చెప్పింది" అన్నాను. 

ఆయన నమ్మాడో లేదో మొహంలో తెలియలేదు. నాకు పంతం వచ్చింది. బల్ల మీది తుడుచుకునే కాగితం ఒకటి తీసుకుని, మడత ఎలా పెట్టాలో చూపిస్తాను అన్నాను. మొదట మూల మూలకి రావాలి. రాలేదు. మళ్ళీ పెట్టాను. కాగితం చిరిగింది.  మూడోది తీసుకున్నాను. కళ్ళలో నీళ్ళు, ఏమీ కనపడటం లేదు.

వెనక కుర్చీ చప్పుడైంది. జోమార్ లేచి వచ్చేశాడు! పిలవకుండా, అడగకుండా. "ఇలా ఇవ్వండి, మానాంగ్" అని నా చేతిలో కాగితం తీసుకున్నాడు. నీ చేతిలో గిన్నె తీసుకున్నట్టే. "కూర్చో తోతో, కొంప ముంచుతావు" అని మన భాషలో గదిమాను. హెలెన్ తల పట్టుకుంది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "కానివ్వండి" అన్నాడు. జోమార్ రెండు వేళ్ళతో మడత పెట్టి బల్ల మీద ఉంచాడు. పళ్ళెంలో పెట్టినట్టు బుజ్జిగా నిలబడింది. నానాయ్ మడతే.

"ఎవరు నేర్పారు?" అన్నాడాయన. జోమార్ నన్ను చూపించాడు. "మొదట్లో వేళ్ళ మీద కొట్టేది" అన్నాడు. నేను కొట్టానా? కొట్టే ఉంటాను.

నిన్న తీర్పు వచ్చింది. తిరస్కరణ కొట్టేశారు. ఉద్యోగం నిజమైనదే అన్నారు. ఇంక వీసా కాగితాలు నడుస్తాయి, కొన్ని నెలలు పట్టవచ్చు గాని దారి తెరుచుకుంది. జోమార్ ఆ ఉత్తరం కూడా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కోల్డ్ రూములోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను తలుపు తట్టలేదు.

పేపరు ఫ్రేము దింపేశాను. ఆ చోట గోడ తెల్లగా ఉండిపోయింది. వచ్చినవాళ్ళందరూ అదేమిటని అడుగుతారు. రోజూ చెబుతున్నాను, ఒక్కొక్కళ్ళకి. రెండేళ్ళు, మానాంగ్. మొదటి నెలలోనే ఈ చేతులు చూపించి ఉంటే ఆ పిల్ల తండ్రి దగ్గర రెండు పుట్టినరోజులు చేసుకునేది. గెలిచామని అందరూ అంటున్నారు. నాకైతే తీసుకున్నది తిరిగి ఇచ్చినట్టుంది, అదీ ఆలస్యంగా.

రిజ్జాకి నువ్వే నిజం చెప్పు. నాకు ధైర్యం చాలదు.

నీ ఇందాయ్

*

మోలో
19 మే 2019

నా ఇందాయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చిరిగిన కాగితాల దగ్గర ఆగిపోతున్నాను. ఆ రోజు నీ పక్కన ఉండాల్సింది.

రిజ్జా మొన్న వచ్చింది. మూడో బుట్ట. ఈసారి పారిపోనివ్వలేదు. తలుపు గడియ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. నిలబడే చెప్పాను, బడిలో తప్పు చేసిన పిల్లలా చేతులు కట్టుకుని. గిన్నెలు, మీటరు మనిషి, నేను అన్న మాటలు, అన్నీ. "నీ మొగుడిని రెండేళ్ళు నీకు దూరంగా ఉంచింది నా నోరు. నువ్వు పళ్ళు మోసుకొచ్చింది నాకు. నన్ను ఏమన్నా అను" అన్నాను.

రిజ్జా మెడలోని తువాలుతో మొహం తుడుచుకుంది. నవ్వింది.

"తెలుసు మాయెస్ట్రా. ఆ ఉత్తరం వచ్చిన రోజే ఆయన ఫోన్ చేసి చెప్పాడు. 'పెద్దావిడ వాళ్ళ చెల్లెల్ని మెచ్చుకుంది, ఏం తప్పు? మా అమ్మ ఉన్నా అదే అనేది' అన్నాడు. నాకు వారం రోజులు ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. తర్వాత అనిపించింది, నేను ఎక్కడ పోట్లాటకి వస్తానో అని మీరు రోజూ గుమ్మం చూస్తూ ఉంటారని. అందుకే నేనే ముందొచ్చా."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పకుండా నేనెలా చెప్తాను? పెద్దవారు."

ఆ మొగుడికి తగిన పెళ్ళామే, ఇందాయ్. నేను కూలబడి ఏడ్చాను. అరవై తొమ్మిదేళ్ళ ముసలిదాన్ని, ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టి. ఆమె పడవ తప్పిపోయింది. రాత్రి ఇక్కడే పడుకుని పొద్దున్నే వెళ్ళింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఈసారైనా తిన్నారా లేదా నాకు తెలియాలి. పోయిన రెండుసార్లూ పంచేశారట కదా" అంది. ఫాదర్‌గారి నోరు కూడా నా నోటిలాంటిదే.

రెండేళ్ళు ఆ పిల్ల నన్ను క్షమిస్తూ పడవెక్కి వచ్చింది. ఆ క్షమని నేను ఊరికి పంచిపెట్టాను.

మూడో బుట్టలో పదకొండు పళ్ళున్నాయి. అన్నీ నేనే తింటున్నాను. ఎవరికీ ఇవ్వను.

మీ అక్క,
పురింగ్